తిరుపతి నుంచి హైదరాబాద్‌కు: విమానమా, రాత్రి రైలా?

ఆకాశమార్గాన దూరం సుమారు 420 కిలోమీటర్లే. గాలిలో ఉండేది గంటకు కాస్త అటూ ఇటూ. అయితే ప్రయాణం ఇంటి గడప దగ్గరే మొదలవుతుంది కదా! రేణిగుంట విమానాశ్రయం ఊరికి దాదాపు 15 కిలోమీటర్లు. గంటన్నర ముందే చేరాలి. శంషాబాద్‌లో దిగాక నగరంలోకి మరో గంట. అన్నీ కలిపితే ఐదు గంటలకు దగ్గర.

మధ్యాహ్నం బయలుదేరే వందే భారత్ రైలుకు ఎనిమిది గంటలకు పైగా పడుతుంది. రాత్రి నడిచే నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ ఇంకా నెమ్మది, కానీ ఆ సమయం నిద్రలోనే గడిచిపోతుంది. అమ్మతో వెళ్లినప్పుడల్లా నేను ఎంచుకునేది ఇదే. తల పక్కన లడ్డూల సంచి, రైలు పెట్టె అంతా నెయ్యి, పచ్చకర్పూరం వాసన. కాళ్లు చాపుకుంటే ఆమె మోకాళ్లకు ఎంత సుఖమో! పని చూసుకుని అదే రోజు తిరిగి రావాలంటే మాత్రం విమానమే.