పాత జీపుకు ఏ బ్రేకు మేలు: బాగుచేసిన డ్రమ్మా, పెద్ద డ్రమ్మా, డిస్కా?

మహీంద్రా సంస్థ 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు మొదలుపెట్టింది. ఆ వంశపు పాత బండ్లను ఇప్పుడు అభిమానులు ఎంతో శ్రద్ధగా బాగుచేయించుకుంటున్నారు గానీ, ఇంజనుకూ పెయింటుకూ పెట్టే ఖర్చులో సగమైనా బ్రేకులకు పెట్టేవారు అరుదు. ఆ వంశంలోని సీజే3బీ రకం జీపు తయారైనప్పుడు దాని నాలుగు చక్రాలకూ 9 అంగుళాల వ్యాసం, 1.75 అంగుళాల వెడల్పు గల డ్రమ్ము బ్రేకులు (చక్రంతో తిరిగే డబ్బా లోపలి గోడను షూలు అదిమి ఆపేవి) ఉండేవి. టన్ను పైచిలుకు బరువుతో, సన్నటి టైర్లతో, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో సాగే బండికి అవి సరిపోయేవి. అదే బండికి కొత్త డీజిల్ ఇంజనూ వెడల్పు టైర్లూ అమర్చి జాతీయ రహదారి మీద 80లో నడిపితే, వేగం 50 నుంచి 80కి పెరిగినందుకు ఆపేటప్పుడు పుట్టే వేడి రెండున్నర రెట్లవుతుంది. టైరు ఎత్తు 29 అంగుళాల నుంచి 31కి పెరిగితే అదే బ్రేకు నేల మీద చూపే పట్టు మరో ఆరేడు శాతం తగ్గుతుంది.

డ్రమ్ము బ్రేకును తీసిపారేయదగినదిగా చూడడం న్యాయం కాదు. చక్రం తిరిగే దిశకు అనుకూలంగా అమర్చిన షూను ఆ తిరుగుడే డ్రమ్ముకేసి మరింత గట్టిగా అదుముతుంది కనుక, కాలి ఒత్తిడిని పెంచే వాక్యూమ్ పరికరం, అంటే బూస్టర్, లేకపోయినా కాలి బలంతోనే బండి ఆగుతుంది. దాని అసలు బలహీనత వేడి. అనంతగిరి ఘాట్‌లోనో మారేడుమిల్లి దారిలోనో ఎడతెగకుండా బ్రేకు తొక్కుతూ దిగితే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది, షూ మీది రాపిడి పొర అయిన లైనింగ్ పట్టు సడలుతుంది, పెడల్ అంతకంతకూ కిందికి దిగుతుంది. డిస్కు అంటే బయటికి తెరిచి ఉండే పళ్లెం, దాన్ని రెండు ప్యాడ్లు ఇరువైపులా నొక్కుతాయి; అది వేడెక్కినా ప్యాడ్ల వైపే మందమవుతుంది కాబట్టి పెడల్ అంతగా జారదు. వాగు దాటాక డ్రమ్ములో నిలిచిన నీరూ బురదా తేలికగా బయటికి పోవు. డిస్కు మీది నీరు ఒకటి రెండు తిరుగుళ్లలోనే చెదిరిపోతుంది.

మొదటి మార్గం ఉన్నదాన్నే సరిగ్గా బాగుచేయించడం. చాలా జీపులు ఆగకపోవడానికి కారణం డిజైను కాదు, నిర్లక్ష్యమేనని నా అభిప్రాయం. ఈ బండ్లలో చక్రం మధ్యనుండే హబ్ లోపలి గ్రీజు సీలు పోయిందంటే గ్రీజు నేరుగా లైనింగ్ మీదికి చేరుతుంది. ఆ సీలు మార్చకుండా కొత్త షూలు వేయించడం డబ్బు దండగ. షూల అడుగున ఉండే ఆంకర్ పిన్నులను కూడా తిప్పి సర్దితే తప్ప లైనింగ్ మొత్తం డ్రమ్మును తాకదు, కానీ చాలా షెడ్లలో పై సర్దుబాటుతోనే సరిపెట్టేస్తారు. డ్రమ్మును లేతు మీద పదే పదే కోయించడం కూడా మంచిది కాదు. పలచబడిన డ్రమ్ము మరింత త్వరగా వేడెక్కుతుంది. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

అమెరికాలో ఎక్కువగా పాటించే రెండో మార్గం, తరువాతి జీపులకు వచ్చిన 11 అంగుళాల వ్యాసం, 2 అంగుళాల వెడల్పు గల డ్రమ్ములను పాత యాక్సిల్‌కు బిగించడం. లెక్క ప్రకారం రాపిడి జరిగే వైశాల్యం దాదాపు 40 శాతం పెరుగుతుంది, బండి పాత రూపం చెడదు, బూస్టర్ అవసరం ఉండదు. అయితే మన దగ్గర ఆ సామాను దొరకడం కష్టం. దిగుమతి చేసుకుంటే ధర మోయలేనంత అవుతుంది. పైగా నీరు, బురద సమస్యలు అలాగే ఉంటాయి. పాత రూపమే ప్రాణంగా భావించేవారికి తప్ప ఇతరులకు దీన్ని సిఫారసు చేయలేను.

మూడో మార్గమైన ముందు చక్రాల డిస్కులకు మన మార్కెట్లో అనుకూలత ఎక్కువ, ఎందుకంటే బొలెరో వంటి బండ్ల డిస్కులు, ప్యాడ్లను నొక్కే కాలిపర్లు, ప్యాడ్లు ఏ స్పేర్ పార్టుల దుకాణంలోనైనా దొరుకుతాయి. కాలిపర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్‌ను మాత్రం ప్రత్యేకంగా చేయించాలి. షూలను మోసే పాత బ్యాకింగ్ ప్లేటు తీసిన చోట, చక్రం తిరిగే ఇరుసు మొన అయిన స్పిండిల్‌ను బిగించే ఆరు బోల్టులతోనే దాన్ని బిగించాలి; చక్రాన్ని పక్కకు తిప్పే కీలు అయిన నకిల్‌కు వెల్డింగ్ చేస్తామన్న మెకానిక్ దగ్గర బండిని వదలకపోవడమే క్షేమం. 16 అంగుళాల రిమ్ములో కాలిపర్‌కు సాధారణంగా చోటు సరిపోతుంది, 15 అంగుళాల రిమ్ము అయితే ముందుగా కొలిచి చూసుకోవాలి.

డిస్కుకు డ్రమ్ములా తనను తాను అదుముకునే గుణం లేదు కాబట్టి దానికి ఎక్కువ ఒత్తిడి కావాలి, అంటే బూస్టర్ కావాలి. పెట్రోలు ఇంజనైతే మానిఫోల్డు నుంచే వాక్యూమ్ దొరుకుతుంది. డీజిల్ ఇంజనుకు విడిగా వాక్యూమ్ పంపు ఉండాలి, ఆల్టర్నేటర్ వెనకే పంపు ఉన్న రకం వేసుకుంటే పని సులువు. మరో చిక్కు ఈ జీపుల్లో పెడల్ తొక్కుడును బ్రేకు ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ పాదాల కింద, ఛాసిస్ దగ్గర ఉండడం. అది కాలిపర్ల కంటే దిగువన ఉంటే బ్రేకు ఆయిల్ వెనక్కి జారి మొదటి తొక్కుడు ఖాళీగా పోతుంది, అందుకే ఆ లైనులో 2 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మేర ఒత్తిడిని నిలిపి ఉంచే వాల్వు వేస్తారు. డ్రమ్ముల కోసం పాత సిలిండర్‌లోనే ఉండే 10 పీఎస్ఐ వాల్వును అలాగే ఉంచితే ప్యాడ్లు డిస్కును వదలవు. కొత్తగా డిస్కులు వేయించుకున్న బండి నాలుగు కిలోమీటర్లకే చక్రాలు కాలిపోయేంత వేడెక్కుతోందంటే ముందుగా అనుమానించవలసింది దీన్నే.

ఏ మార్గం ఎంచుకున్నా, డబ్బు ముందుగా పెట్టవలసింది ముందు, వెనక చక్రాలకు విడివిడిగా ఆయిల్ పంపే రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ మీద. పాత జీపులో ఉండేది ఒకే సర్క్యూట్; చక్రం దగ్గర షూలను నెట్టే వీల్ సిలిండర్ ఒక్కటి కారినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. మైదానంలో, ఊళ్ల మధ్య తిరిగే బండికి ఈ సిలిండరూ బాగుచేసిన డ్రమ్ములూ చాలు. ఘాట్లు దిగే బండికి, తరచూ వాగులు దాటే బండికి, ఇంజను మార్చిన బండికి ముందు డిస్కులే మేలు.

వెనక కూడా డిస్కులు వేయించడం నాకు అనవసరంగా తోస్తుంది. హ్యాండ్ బ్రేకు, ముందు వెనక యాక్సిళ్లకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక విడిగా ఉంటుంది కనుక ఆ పని సాధ్యమే గానీ, బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది, వెనక చక్రాలకు పని తక్కువే. పని మొదలుపెట్టేముందు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహన మార్పులపై పెట్టిన పరిమితుల గురించి రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

పని పూర్తయ్యాక ఖాళీ మైదానంలో తక్కువ వేగంతో గట్టిగా బ్రేకు వేసి, ఏ చక్రాలు ముందుగా లాక్ అవుతున్నాయో (తిరగడం ఆగి జారుతున్నాయో) బయటి నుంచి మరొకరి చేత చూపించుకోవాలి. బూస్టర్ లేకుండా ముందు డిస్కులు వేసిన బండ్లలో తరచుగా వెనక డ్రమ్ములే ముందు లాక్ అవుతాయి, 80 అంగుళాల వీల్‌బేస్ మాత్రమే ఉన్న జీపు అప్పుడు ఇట్టే అడ్డం తిరుగుతుంది. అలా జరిగితే వెనక లైనులో ఒత్తిడిని తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు వేసి, ముందు చక్రాలే మొదట లాక్ అయ్యేలా సర్దేంతవరకు ఆ బండిని ఘాట్ ఎక్కించకూడదు.