హంతకుడు గుర్తులేడు, వంట గుర్తుంది: బ్రూనో నవలలు ఏళ్ల తరబడి చదివాక

హంతకుడెవరో ఊహించి పట్టుకోవడంలోనే మజా ఉందనుకునేవాళ్లకు మార్టిన్ వాకర్ రాసిన బ్రూనో నవలలు పెద్దగా నప్పవు. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది. 2008లో వచ్చిన మొదటి పుస్తకం నుంచి వరుసగా చదువుతూ వస్తున్నాను, కొన్నింటిని రెండోసారి కూడా చదివాను. ఇప్పుడు కూర్చోబెట్టి హంతకుల పేర్లు చెప్పమంటే సగం చెప్పలేను. ఏ పుస్తకంలో ఎవరింట్లో ఏం వండారో మాత్రం గడగడా చెప్పేస్తాను. ఈ సిరీస్ మీద నా ఇష్టం, నా ఫిర్యాదు రెండూ అక్కడే ఉన్నాయి.

కథంతా ఫ్రాన్స్ నైరుతి మూల పెరిగోర్ ప్రాంతంలో, వెజేర్ నది ఒడ్డున సాగుతుంది. సెయింట్ డెనిస్ అనే ఊరు కల్పితమే. కానీ అక్కడికి దగ్గర్లోనే కాపురం ఉంటున్న రచయితకు ఆ నేల బాగా తెలుసు. గార్డియన్ పత్రికలో పాతికేళ్లకు పైగా పనిచేసిన స్కాట్లాండ్ మనిషి ఆయన. చుట్టుపక్కల ఊళ్లు, గుహలు, సంతలు చాలావరకు నిజమైనవే. పెరిగోర్‌ను అక్కడివాళ్లు నాలుగు రంగులుగా పంచుకుంటారు: ఉత్తరాన ఆకుపచ్చ, పెరిగో పట్టణం చుట్టూ సున్నపురాయి తెలుపు, బెర్జెరాక్ ద్రాక్షతోటల ఊదా, సార్లా వైపు ఓక్ అడవుల నలుపు. మన కథ ఎక్కువగా ఆ నల్ల పెరిగోర్ అంచున తిరుగుతుంది. ఆదిమానవుల బొమ్మలతో 1940లో బయటపడ్డ లాస్కో గుహ కూడా ఈ లోయలోదే.

బ్రూనో కురేజ్ ఊరి పోలీసు. ఇక్కడ ఒక విషయం తెలిస్తే నవలలు ఇంకా రుచిస్తాయి. ఫ్రాన్స్‌లో పోలీసులందరూ ఒకటే కాదు. మునిసిపల్ పోలీసు మేయర్ కింద పనిచేస్తాడు. పల్లెటూళ్లలో శాంతిభద్రతలు చూసే జాన్‌దార్మ్‌లు సైనిక హోదా ఉన్న వేరే దళం. ఈ నవలల్లో హత్య జరిగితే నేషనల్ పోలీసు డిటెక్టివ్‌లు దిగుతారు, పెద్ద కేసైతే పైన విచారణ మేజిస్ట్రేటు ఉంటాడు. అంటే హత్యకేసులో మన హీరోకి కాగితం మీద దాదాపు ఏ అధికారమూ లేదు. తుపాకీ కూడా మేయర్ ఆఫీసులో తాళం వేసి ఉంటుంది. అతని దగ్గరున్నదల్లా ఊరివాళ్లతో చనువు. ఎవరింటి కోడి ఎవరి తోటలో పడింది, ఏ అన్నదమ్ములకు మాటల్లేవు, ఎవరు పన్ను ఎగ్గొట్టి వైన్ అమ్ముతున్నారు, అన్నీ తెలుసు. పిల్లలకు రగ్బీ, టెన్నిస్ నేర్పుతాడు, కాబట్టి ఇవాళ అరెస్టు చేయాల్సిన కుర్రాడు నిన్న తన దగ్గర ఆట నేర్చుకున్నవాడే అవుతాడు. ఈ ఇరకాటాన్ని వాకర్ చాలా బాగా వాడుకుంటాడు.

మొదటి నవల ‘బ్రూనో, చీఫ్ ఆఫ్ పోలీస్’ మొదలయ్యేది శవంతో కాదు, సంతతో. యూరోపియన్ యూనియన్ శుభ్రత నియమాలు పట్టుకుని ఇన్‌స్పెక్టర్లు మంగళవారం సంత మీద పడతారు. ఇంట్లో చేసిన జున్నుకు, పెరట్లో కోళ్లు పెట్టిన గుడ్లకు ముద్రలేవీ లేబుళ్లేవీ అని జరిమానాలు వేయడం వాళ్ల పని. వాళ్లు రాకముందే ఊళ్లో అమ్మకందారులకు కబురు అందేలా చూడటం బ్రూనో పని. చట్టాన్ని కాపాడాల్సినవాడే చట్టం కళ్లు కప్పుతాడు. రైతుబజారులో తూకాల తనిఖీ వస్తుందంటే ఒక స్టాలు నుంచి ఇంకో స్టాలుకి వార్త ఎలా పాకుతుందో చూసినవాళ్లకు ఆ పేజీలు వేరే విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ తర్వాతే హత్య: ఫ్రాన్స్ తరఫున పోరాడి పతకం అందుకున్న ఒక అల్జీరియా ముసలాయన తన ఇంట్లోనే హతమవుతాడు, ఛాతీ మీద నాజీల స్వస్తిక గీసి ఉంటుంది, గోడ మీద ఉండాల్సిన పాత ఫుట్‌బాల్ జట్టు ఫొటో కనబడదు. కడుపులో చల్ల కదలకుండా చదువుకునే నవల అని మొదలుపెడితే యుద్ధకాలపు పాత గాయాల దగ్గరికి తీసుకెళ్లి నిలబెడతాడు. ఇప్పటికీ సిరీస్‌లో నాకు బాగా నచ్చిన ముగింపు దీనిదే. అదేమిటో చెప్పను.

ఇక తిండి సంగతి. వంటను వాకర్ వర్ణించడు, చేయిస్తాడు. బ్రూనో మాట్లాడుతూనే వెల్లుల్లి నలుగుతుంది, ఒక అనుమానితుడి గురించి ఆలోచిస్తూనే బంగాళాదుంపలు బాతు కొవ్వులో వేగుతాయి. కొలతలు లేకపోయినా ఆ పేరాలు చదివి వండేయొచ్చు. బాతు కాళ్లకు ఉప్పు పట్టించి, వాటి కొవ్వులోనే సన్నసెగ మీద గంటల తరబడి ఉడికించి, అదే కొవ్వులో ముంచి జాడీలో నిలవ పెట్టే కాన్ఫీ గురించి మొదటిసారి చదివినప్పుడు, ముక్క పైకి తేలకుండా పైన నూనె నిలబెట్టిన ఆవకాయ జాడీయే కళ్లముందు కనబడింది. గాలి తగలకూడదు, అంతే సూత్రం. జూన్‌లో పచ్చి అక్రోటు కాయలు కోసి, వైన్‌లో చక్కెరతో, ఘాటైన సారాతో ఊరబెట్టే వాన్ ద న్వా ఇంకొకటి. బ్రూనో ఎవరింటికైనా వెళ్తే తన చేత్తో చేసిన ఈ సీసా చంకలో ఉండాల్సిందే.

నేను వండి చూసింది తూరాన్ అనే వెల్లుల్లి సూప్. బాతు కొవ్వు మనకెక్కడ దొరుకుతుంది, నెయ్యితో కానిచ్చాను. ఒక గడ్డ మొత్తం వలిచి సన్నగా తరిగి, రంగు మారకుండా మగ్గనిచ్చి, చెంచాడు మైదా చల్లి, వేడినీళ్లు పోసి, ఉప్పు మిరియాలు వేసి ఉడకనివ్వాలి. తర్వాత గుడ్డు తెల్లసొనను సన్నటి ధారగా పోస్తూ తిప్పితే తెల్లటి పోగుల్లా విరుచుకుంటుంది. పచ్చసొనను కాస్త వెనిగర్‌తో గిలకొట్టి, పొయ్యి కట్టేశాక కలపాలి, లేదంటే గడ్డకడుతుంది. గట్టిపడ్డ రొట్టె ముక్కల మీద పోసుకుని తినడమే. వెల్లుల్లి ఘాటు పూర్తిగా పోయి తియ్యదనం వస్తుంది. నాకు అద్భుతంగా అనిపించింది. మా ఇంట్లో మాత్రం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ‘పోపు పెట్టడం మర్చిపోయావా?’ అన్నారు. పెరిగోర్ రైతులు సూప్ అడుగున కాస్త మిగిల్చి అందులో ఎర్రవైన్ పోసుకుని, గిన్నె ఎత్తి తాగేస్తారు, దాన్ని షాబ్రోల్ అంటారు. ఆ భాగం నేను వదిలేశాను.

ఇప్పుడు అసలు తీర్పు. ఈ సిరీస్‌లో నేరం వంటగదిలోంచో, పొలంలోంచో పుట్టిన నవలలు బాగుంటాయి. నేరం పారిస్ నుంచో ఇంకో దేశం నుంచో దిగుమతి అయిన నవలలు సోసోగా ఉంటాయి.

2010లో వచ్చిన ‘బ్లాక్ డైమండ్’ తీసుకోండి. నల్ల ట్రఫుల్ అంటే ఓక్ చెట్ల వేళ్లను పట్టుకుని నేల కింద పెరిగే, పుట్టగొడుగు లాంటి శిలీంధ్రం. చలికాలంలో, ముఖ్యంగా డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కుక్కలతో వాసన పట్టించి తవ్వుతారు. చూడ్డానికి బొగ్గు ముక్కలా ఉంటుంది, ధర మాత్రం బంగారం దుకాణంలో అడిగినట్టే ఉంటుంది. చైనా నుంచి వచ్చే ఇంకో జాతి ట్రఫుల్ చూపుకు అచ్చం అలాగే ఉంటుంది కానీ వాసన అంతంతమాత్రం, ధర చాలా తక్కువ. రెండూ కలిపేస్తే? అసలు దాని పక్కన నాలుగు రోజులుంటే నకిలీ కూడా కాస్త వాసన పట్టుకుంటుంది. గుడ్లతో కలిపి మూతపెట్టిన డబ్బాలో ఒక ట్రఫుల్ ఉంచితే పెంకు దాటి లోపలి సొనకే ఆ వాసన ఎక్కుతుంది, అలాంటి సరుకు అది. సెంట్ అల్వేర్ ట్రఫుల్ సంతలో ఈ కల్తీ వాసన పసిగట్టిన దగ్గర మొదలై కథ హత్య దాకా పోతుంది. వియత్నాం వైపు ఫ్రాన్స్ చేసిన ఇండోచైనా యుద్ధం నాటి పాత బాకీలు కూడా వచ్చి కలుస్తాయి, కానీ అవి బయటి నుంచి తెచ్చి అతికించినట్టుండవు. ఎందుకంటే చనిపోయినవాడు ట్రఫుల్‌లో ఆరితేరినవాడు, ఆ యుద్ధకాలం చూసినవాడు కూడా. కల్తీ నెయ్యి, కల్తీ కారం వార్తల మధ్య పెరిగిన మనకు ఈ నవల పట్టేస్తుంది.

2009 నాటి ‘ద డార్క్ వైన్‌యార్డ్’ కూడా అంతే. జన్యుమార్పిడి పంటల పరిశోధన కేంద్రానికి నిప్పంటుకోవడంతో మొదలై, లోయ మొత్తాన్ని కొనేసి వైన్ ఫ్యాక్టరీలా మార్చాలనుకునే అమెరికా కంపెనీ మీదుగా, ద్రాక్ష తొక్కే తొట్టి దాకా వస్తుంది. ద్రాక్షరసం పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువు. తొట్టిలో అడుగున నిలబడిపోతుంది, దిగినవాడికి ఊపిరి ఆడదు. వైన్ చేసే ఊళ్లలో ఈ భయం నిజంగా ఉన్నదే. ఇలాంటి చోట వంట, పంట, చావు ఒకే తీగకు కాసినట్టుంటాయి.

దీనికి ఎదురు ఉదాహరణ ‘ద క్రౌడెడ్ గ్రేవ్’ (2011). అందులో ఫువా గ్రా గొడవ ఉంది. బాతులకూ హంసబాతులకూ గొట్టంతో మొక్కజొన్న బలవంతంగా కుక్కి, కాలేయం కొవ్వెక్కేలా చేసి తీసే పదార్థం అది. దీన్ని వ్యతిరేకిస్తూ యువ ఉద్యమకారులు ఫారాల మీద పడతారు. 2006లో చేసిన చట్టంతో ఫ్రాన్స్ ఫువా గ్రాను తమ సాంస్కృతిక, ఆహార వారసత్వంగా ప్రకటించింది. 2014లో మన దేశం దాని దిగుమతినే నిషేధించింది. ఒక్క వంటకం చుట్టూ ఇంత దూరం ఉన్నప్పుడు నవల మొత్తం అక్కడే కూర్చోవచ్చు కదా! లేదు. పురావస్తు తవ్వకాల్లో దొరికిన కొత్త శవం ఒకపక్క, స్పెయిన్–ఫ్రాన్స్ మంత్రుల సమావేశం, స్పెయిన్ నుంచి విడిపోవాలనే బాస్క్ తీవ్రవాదులు ఇంకోపక్క. ఫువా గ్రా ప్రశ్న మధ్యలో చల్లారిపోతుంది. పైగా బ్రూనో ఎటువైపో మొదటే తెలిసిపోతుంది, వాదించేవాళ్లకు నోరు సరిగ్గా ఇవ్వలేదు. నేను మాంసం తింటాను, అయినా ఆ పేజీల్లో రచయిత కాస్త తప్పించుకున్నాడనే అనిపించింది.

2018లో వచ్చిన ‘ఎ టేస్ట్ ఫర్ వెంజెన్స్’ మీద కూడా ఇదే బాధ. బ్రూనో స్నేహితురాలు పమేలా వంటల స్కూలు పెడుతుంది, నేర్చుకోవడానికి పేరు నమోదు చేసుకున్న ఒక ఆవిడ రాదు. ఇంతకన్నా మంచి ఎత్తుగడ ఏం కావాలి! ఆ తర్వాత కథ వంటగది దాటి నిఘా సంస్థల దాకా పోతుంది. హోంశాఖ నుంచి బ్రిగేడియర్ అనే పెద్దమనిషి బ్రూనోని ఎత్తుకుపోవడానికి అప్పుడప్పుడు ఊడిపడుతుంటాడు. ఆయన కారు దిగాడంటే ఇక మంచి భోజనం కోసం నలభై పేజీలు ఆగాలని నేను ఫిక్స్ అయిపోతాను.

వంకలు ఇంకా ఉన్నాయి. వరుసగా చదివేవాళ్లకు పునరుక్తి విసుగు పుట్టిస్తుంది: బ్రూనో అనాథ అని, బోస్నియాలో గాయపడ్డాడని, ఇంటిని తన చేతుల్తో కట్టుకున్నాడని ప్రతి పుస్తకంలో వాకర్ మళ్లీ చెబుతాడు. ఆ పేరాలు నేను దాటేస్తాను. బ్రూనో ప్రేమించిన పోలీసు అధికారి ఇజబెల్‌కు పారిస్‌లో ఉద్యోగం ముఖ్యం, బ్రూనోకి పిల్లలు కావాలి, ఈ ముడి పుస్తకం తర్వాత పుస్తకం డైలీ సీరియల్‌లా సాగుతూనే ఉంటుంది. ఊళ్లో ప్రతి ఆడమనిషికీ అతనంటే మెత్తదనమే, అది కాస్త ఎక్కువైంది. బాసెట్ జాతి కుక్క బాల్జాక్ మాత్రం ఎన్నిసార్లు వచ్చినా విసుగు రాదు.

ఇంగ్లీషు తేలికే, ఫ్రెంచి మాటలు అడుగడుగునా తగిలినా పక్క వాక్యంలోనే అర్థం దొరికిపోతుంది. నేను ఎక్కువగా కిండిల్‌లో చదివాను, దానివల్ల ఒక సుఖం ఉంది: ఏదో వంటకం పేరు వస్తే నొక్కి చూసుకోవచ్చు. రెండోసారి చదివేటప్పుడు ‘వాల్‌నట్ ఆయిల్’ అని వెతికి వంట పేజీలకే పోయిన రాత్రులూ ఉన్నాయి. భోజనం చేశాకే తెరవండి, అర్ధరాత్రి ఆకలేస్తే ఫ్రిజ్‌లో బాతు ఉండదు, పెరుగన్నమే దిక్కు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటిది, రెండోది, మూడోది వరుసగా చదవండి. నాలుగోది లైబ్రరీలో దొరికితే సరే, కొనక్కర్లేదు. చరిత్ర ఇష్టమైతే ‘ద రెసిస్టెన్స్ మ్యాన్’ (2013) కొనొచ్చు. 1944 జూలైలో నువిక్ దగ్గర రెసిస్టెన్స్ దళాలు, అంటే జర్మన్ ఆక్రమణను ఎదిరించిన రహస్య దళాలు, రైలాపి 228 కోట్ల ఫ్రాంకులు ఎత్తుకుపోయిన నిజమైన ఘటన దానికి ఆధారం. ఆ తర్వాతివి ఏ వరుసలో చదివినా నష్టం లేదు. వెనక అట్ట మీద ట్రఫుల్, ద్రాక్ష, జున్ను లాంటి మాటలు కనబడితే తీసుకోండి, గూఢచారులు కనబడితే సెకండ్‌హ్యాండ్‌లో చూసుకోండి.