మధ్య పట్టీ తేల్చే మాట: మిషెలిన్ రోడ్ 6, పిరెల్లీ ఏంజెల్ జీటీ 2 టైర్లలో మనకు ఏది మేలు?

యాసంగి కోతలు మొదలైనప్పటి నుంచి హనుమకొండ, కాజీపేట, జనగామ మిత్రులు నన్ను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: ముందు 120/70, వెనుక 160/60 కొలతల టైర్లు వేసే 650 సీసీ బండికి, వానలు పడేలోపు ఏ స్పోర్ట్ టూరింగ్ (మలుపుల్లో పట్టు, దూర ప్రయాణంలో మన్నిక రెండూ చూసే) జత వేయించుకోవాలి? నేను కూడా పోయిన నెలలోనే ఈ రెండింటి మధ్య చాలా రోజులు ఊగిసలాడి టైర్లు మార్చాను కాబట్టి, ఆ ఆలోచన ఎలా సాగిందో వివరంగా రాస్తున్నాను.

ముందుగా మన దారుల సంగతి చూడాలి. హనుమకొండ నుంచి హైదరాబాద్ దాకా 163వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 145 కిలోమీటర్లు బండి నిటారుగానే పోతుంది. కరీంనగర్ దారి కూడా అంతే. ములుగు దాటి తాడ్వాయి, ఏటూరునాగారం అడవిలోకి వెళ్తే తప్ప బండిని గట్టిగా వంచే అవసరం రాదు. అందువల్ల మన టైర్ల అంచులు కొత్తవిలా ఉండగానే మధ్యలో మూడు వేళ్ల వెడల్పు పట్టీ అరిగి చదునవుతుంది. నిటారుగా ఉన్న బండికి బ్రేకు వేసినప్పుడు రోడ్డును పట్టుకునేది ఆ పట్టీయే. ఎండాకాలమంతా తిరిగి అది సగం అరిగిన సమయానికే మృగశిర కార్తె వచ్చి తొలి వానలు పడతాయి. కొత్త టైరు తడిలో ఎలా ఆగుతుందన్నది నాకు రెండో ప్రశ్న; సగం అరిగిన టైరు తడిలో ఎలా ఆగుతుందన్నదే మొదటి ప్రశ్న.

ఈ అభిప్రాయం నాకు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర కలిగింది. రెండేళ్ల కిందట జూన్‌లో తొలి జల్లు పడి పది నిమిషాలు కూడా కాలేదు. రోడ్డు మీది దుమ్ము, లారీల నూనె కలిసి నల్లటి జిగురులా తేలాయి. ముందు పోతున్న గ్రానైట్ లారీ ఒక్కసారిగా వేగం తగ్గించడంతో నేను బ్రేకు పట్టాను. చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ పని చేస్తూ లివరు వేళ్ల కింద టకటకా కొట్టుకుంటున్నా బండి ఆగవలసిన చోట ఆగలేదు, ఎడమ పక్క మట్టి అంచులోకి దిగి నిలిచింది. ఇంటికి వచ్చి వెనుక టైరు మీద వేలు పెట్టి చూస్తే, అంచుల్లో గోరు దిగేంత లోతున్న గాడులు మధ్యకు వచ్చేసరికి వేలికి తగలడమే లేదు. టైరును సకాలంలో మార్చకపోవడం పూర్తిగా నా అశ్రద్ధే.

మిషెలిన్ రోడ్ 6 వైపు నేను మొగ్గడానికి కారణం దాని చీలికల తీరు. 2022లో వచ్చిన ఈ టైరు మీద కనిపించే సన్నటి చీలికలు పైన ఇరుకుగా, లోపలికి పోయేకొద్దీ వెడల్పుగా ఉంటాయి కనుక, రబ్బరు అరిగేకొద్దీ నీరు పోవడానికి దారి పెరుగుతుంది. దీనికి ముందు వచ్చిన రోడ్ 5లోనే ఈ పద్ధతి మొదలైంది. 5,000 కిలోమీటర్లు దాటిన రోడ్ 5, దాని ముందు తరం టైరైన పైలట్ రోడ్ 4 కొత్తగా ఉన్నప్పుడు తడిలో ఆగినంత దూరంలోనే ఆగుతుందని కంపెనీ అప్పట్లో ప్రకటించింది. రోడ్ 5 కంటే రోడ్ 6 తడి పట్టులో 15 శాతం, మన్నికలో 10 శాతం మెరుగని కూడా మిషెలినే చెబుతోంది. ఇవి కంపెనీ చెప్పుకున్న లెక్కలే అయినా, వాళ్లు కొలవడానికి ఎంచుకున్న విషయం సరిగ్గా మనకు కావలసిన విషయం. పైగా మధ్యలో గట్టి రబ్బరు, పక్కలకు మెత్తటి రబ్బరు ఉండడం వల్ల మన తిన్నని దారుల మీద చదునెక్కడం కొంత ఆలస్యమవుతుంది.

2019లో వచ్చిన పిరెల్లీ ఏంజెల్ జీటీ 2ను తక్కువ చేయడానికి వీల్లేదు. దాని మధ్యలో టైరు చుట్టూ తెగకుండా సాగే రెండు గాడులు ఉంటాయి. తడి ఆరీ ఆరని ట్రాక్ మీద రేసుల్లో వాడే ఇంటర్మీడియట్ టైర్ల నుంచి ఆ ఆలోచన తీసుకున్నామని కంపెనీ చెబుతుంది. నిటారుగా పోయేటప్పుడు నీటిని తోసేయడంలో అవి నిజంగానే పనికొస్తాయి. ఒక మిత్రుడి బండి మీద రామప్ప దాకా వెళ్లి వచ్చినప్పుడు, మలుపులో ముందు చక్రం కింద రోడ్డు ఎలా ఉందో చేతులకు తెలిసిన స్పష్టత నా మిషెలిన్‌లో లేదని ఒప్పుకుంటాను. వారం వారం తాడ్వాయి మలుపుల కోసమే బండి తీసేవారికి నేను పిరెల్లీనే చెబుతాను. కానీ గాడి ఎంత లోతుంటే అంతే నీరు పడుతుంది. మధ్య పట్టీ అరిగేకొద్దీ ఆ రెండు గాడుల లోతు కూడా తగ్గిపోతుంది. యూరప్ సమీక్షల్లో చలిలో టైరు ఎంత త్వరగా వేడెక్కుతుందన్న దానికి చాలా విలువ ఇస్తారు, అయితే మే నెలలో 44 డిగ్రీలు చూసే మనకు ఆ లెక్కతో పని తక్కువ.

మెట్జెలర్ రోడ్‌టెక్ 01, బ్రిడ్జ్‌స్టోన్ టీ32 రెండూ నమ్మదగినవే, మంచి ధరకు తాజా జత దొరికితే తీసుకోవచ్చు. అపోలో వారి వ్రెడెస్టీన్ సెంటారో ఎస్‌టీ ధరలో తేలిక. ఏడాదికి మూడు నాలుగు వేల కిలోమీటర్లకు మించి తిరగనివారికి అది చాలు.

ఏది ఎంచుకున్నా, రిమ్ముకు ఎక్కించకముందే టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు చదవండి. మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. 2321 అంటే 2021లో 23వ వారం. నాకు మొదట చూపించిన జతలో వెనుక టైరు మూడేళ్ల నాటిది, ధర మాత్రం కొత్తదానిదే, అందుకే వదిలేసి పది రోజులు ఆగాను. గాలి కూడా బండి మీద స్టిక్కరులో రాసిన లెక్క ప్రకారమే, టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించాలి. బంకుల్లో మేలు చేస్తున్నామనుకుని నాలుగైదు పాయింట్లు ఎక్కువ కొడతారు, దాంతో టైరు మధ్యలో ఉబ్బి, మనం కాపాడుకోవాలనుకున్న ఆ పట్టీయే ముందుగా అరుగుతుంది.