అమీర్‌పేటలో గంటకి 600: బిల్డ్ ఎర్రర్లు చూసే అన్న దగ్గర నా అనుభవం

మా బావ కూకట్‌పల్లిలో వాటర్ క్యాన్లు వేస్తాడు. 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లో ఖాళీగా కూర్చుని ఆయనకి ఒక చిన్న ఆండ్రాయిడ్ యాప్ రాసిచ్చా. ఏ ఫ్లాట్‌కి ఎన్ని క్యాన్లు వేశాడు, ఖాళీవి తిరిగొచ్చాయా లేదా, నెలాఖరుకి ఎంత రావాలి, అంతే దాని పని. అప్పుడు క్యాన్ 20 రూపాయలు. ఆ 20ని సెట్టింగ్స్‌లో పెట్టకుండా నేరుగా కోడ్‌లో రాసేశా, తిట్టుకోండి పర్లేదు. మొన్న బావ రేటు పెంచి "బామ్మర్దీ, ఆ 20 తీసి 25 పెట్టి పంపు, ఒక్క అంకేగా" అన్నాడు. ఆ ఒక్క అంకెకి నాలుగు రాత్రులు పోయాయి. ఐదో రోజు మెట్రో ఎక్కి అమీర్‌పేట పోయా.

అక్కడ మైత్రీవనం వెనక సందుల్లో ఒకాయన గంటకి ఇంతని తీసుకుని బిల్డ్ (రాసిన కోడ్‌ని యాప్‌గా మార్చడం), కాన్ఫిగరేషన్ సమస్యలు చూస్తాడని ఆఫీసులో ఫ్రెండ్ చెప్పాడు. కోచింగ్ సెంటర్ కాదు, కోర్సు ఏదీ అమ్మడు. బోర్డు కూడా లేదు. పేరు రాయొద్దని ఆయనే అన్నాడు, ప్రాజెక్టుల సీజన్‌లో ఇంజినీరింగ్ పిల్లలు మెట్ల దాకా క్యూ కడతారట. మెట్రో దిగగానే చేతిలో పాంప్లెట్లు పెట్టేవాళ్లని దాటుకుని, జిరాక్స్ షాపు పక్క మెట్లెక్కితే మూడో అంతస్తు. లిఫ్ట్ ఉంది కానీ పనిచేయదు. గదిలో నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను, ఎక్స్‌టెన్షన్ బోర్డు. 5కి 4 ఇస్తున్నా, ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద రాస్తా.

ముందు నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. కొత్త ల్యాప్‌టాప్‌లో కొత్త ఆండ్రాయిడ్ స్టూడియో (యాప్‌లు రాసే సాఫ్ట్‌వేర్) వేసి పాత ప్రాజెక్టు తెరిచా. "అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65" అని ఎర్ర గీత. నెట్‌లో ఎవరో చెప్పారని గ్రేడిల్ (యాప్‌ని బిల్డ్ చేసే టూల్) వెర్షన్ మార్చా. అది పోయి ఇంకోటి వచ్చింది. అప్‌గ్రేడ్ చేయమంటావా అని స్టూడియో అడిగితే చెయ్యి అన్నా. ఇక నేమ్‌స్పేస్ లేదంది, అది పెడితే మ్యానిఫెస్ట్‌లో ఎక్స్‌పోర్టెడ్ లేదంది, అది పెడితే ఏదో లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) దొరకట్లేదంది. క్యాషెలు (దాచుకున్న పాత ఫైళ్లు) ఇన్‌వాలిడేట్ చేసి రీస్టార్ట్ చేయడం ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. మధ్యలో ఎక్కడా కాపీ తీసుకోలేదు, గిట్ (పాత వెర్షన్లు దాచే టూల్) లేదు. నాలుగో రాత్రికి అసలు మొదట ఏముందో నాకే తెలియని స్థితి.

ఆయన స్క్రీన్ చూశాడు, ఎర్రర్ చదవలేదు. "ఈ యాప్ ప్లే స్టోర్‌లో ఉందా తమ్మీ?" అన్నాడు. లేదు సార్, బావ ఫోన్ ఒక్కదాంట్లోనే, ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ ఫైలు) వాట్సాప్‌లో పంపిస్తా అన్నా. "మరి ఇదంతా ఎందుకు పెంచుకున్నవ్? నీకు కావాల్సింది 25 కదా. ముట్టుకోని కాపీ ఎక్కడన్నా ఉందా?"

ఉంది. పాత ల్యాప్‌టాప్ స్క్రీన్ పోతే, దాని హార్డ్ డిస్క్ తీయించి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో చిన్న డబ్బాలో పెట్టించుకున్నా. అది బ్యాగులోనే ఉంది, ఎందుకు తెచ్చానో నాకే తెలీదు, అదృష్టం.

అక్కణ్నుంచి ఆయన పని చూడాలి. ముందు టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరిచి గ్రేడిల్ వెర్షన్ అడిగాడు, అది ఏ జావాతో నడుస్తుందో కూడా అక్కడే కనపడుతుంది. టెర్మినల్‌లో జావా 8, స్టూడియోలో జావా 21. ఒకే ఇంట్లో రెండు వంటిళ్లు, నేను ఒకదాంట్లో ఉప్పేసి ఇంకోదాంట్లో రుచి చూస్తున్నా. 65 అంటే ఏంటో అప్పుడు చెప్పాడు: అందులోంచి 44 తీసేస్తే వచ్చేది జావా వెర్షన్. 65 అంటే 21, 61 అంటే 17. నా ప్రాజెక్టులో ఉన్నది గ్రేడిల్ 6.1.1, దానికి జావా 21 అంటే ఏంటో తెలియదు. ఈ లెక్క ఒక్కటి మొదటి రాత్రే తెలిసుంటే నేను హాయిగా నిద్రపోయేవాణ్ని.

జేడీకే 11 (జావా 11 కిట్) దించి జావా హోమ్ (ఏ జావా వాడాలో చెప్పే సెట్టింగ్) దానికి మార్చి, పాత కాపీని అలాగే టెర్మినల్ నుంచి బిల్డ్ కొట్టాడు. వెంటనే ఎస్‌డీకే (ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే కిట్) దొరకలేదంది. లోకల్ ప్రాపర్టీస్ ఫైల్‌లో పాత ల్యాప్‌టాప్‌లోని ఎస్‌డీకే ఫోల్డర్ దారి అలాగే ఉంది, అది మార్చాడు. ఆండ్రాయిడ్ 10 ఎస్‌డీకే కావాలంది, దించాడు. ఎస్‌డీకే ఎక్స్‌ఎమ్ఎల్ వెర్షన్ అర్థం కావట్లేదని పసుపు రంగులో పెద్ద గోల పెట్టింది, నేను కంగారుపడితే "అది వార్నింగే, అరవనీ" అన్నాడు. ఒకటి మార్చడం, బిల్డ్ కొట్టడం, మళ్లీ ఒకటి. రెండు ఒకేసారి ముట్టుకోడు. ఎర్రర్ పైనుంచి చదవడు, కింద "కాజ్డ్ బై" (దీనివల్ల) అని ఆఖరిసారి ఎక్కడుందో అక్కడికి పోతాడు.

క్యాలెండర్ లైబ్రరీ దగ్గర ఆగింది. అది జేసెంటర్‌లో (లైబ్రరీలు దించుకునే సైట్) మాత్రమే ఉండేది, జేసెంటర్ మూసేస్తున్నామని 2021 ఫిబ్రవరిలోనే ప్రకటించారు. నేనైతే ఇక్కడే కొత్త లైబ్రరీ వెతికి సగం యాప్ తిరగరాసేవాణ్ని. ఆయన పాత డిస్క్‌లో గ్రేడిల్ క్యాషె ఫోల్డర్‌లోకి వెళ్లి, అప్పుడెప్పుడో డౌన్‌లోడ్ అయిన ఆ లైబ్రరీ ఏఏఆర్ ఫైల్ పట్టుకొచ్చి ప్రాజెక్టు లిబ్స్‌లో పడేశాడు. బిల్డ్ సక్సెస్‌ఫుల్.

నేను సంతోషంగా ఏపీకే బావకి పంపబోతుంటే చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. "ఆగు. లెక్కలన్నీ ఆయన ఫోన్లోనే ఉన్నాయా?" అవును అన్నా. డీబగ్ బిల్డ్‌కి (స్టోర్ కోసం కాకుండా పరీక్షకి చేసేది) ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కో కీ (యాప్‌కి సంతకం లాంటిది) తయారవుతుంది, కొత్త ల్యాప్‌టాప్ కీతో సైన్ అయిన ఏపీకే పాతదాని మీద ఇన్‌స్టాల్ కాదు. పాతది తీసేసి పెట్టుకో అని బావకి చెప్పేవాణ్ని, ఐదేళ్ల లెక్కలు దాంతోపాటే పోయేవి. డిస్క్‌లో యూజర్ ఫోల్డర్‌లోని డాట్ ఆండ్రాయిడ్‌లో డీబగ్ కీస్టోర్ (ఆ పాత కీ ఉండే ఫైలు) దొరికింది, చిన్న ఫైలు, మహా అయితే రెండు మూడు కేబీ. దాన్ని ఇక్కడికి కాపీ చేసి మళ్లీ బిల్డ్ కొట్టాం. నా 1200లో వెయ్యి దీనికే ఇచ్చాననుకుంటా.

నా పక్కనే ఒక అమ్మాయి ఏడుపు మొహంతో కూర్చుంది, ఫైనలియర్. స్టూడియో మూడుసార్లు తీసి వేసిందట. చూస్తే ప్రాజెక్టు ఫోల్డర్ పేరు తెలుగులో "నా ప్రాజెక్ట్" అని ఉంది. విండోస్‌లో ఆస్కీ కాని అక్షరాలు (తెలుగులాంటివి) ఫోల్డర్ దారిలో ఉంటే ఆండ్రాయిడ్ బిల్డ్ ఒప్పుకోదు, ఆ మాట ఎర్రర్‌లో స్పష్టంగా రాసే ఉంటుంది, ఎవరూ చదవలేదంతే. ఫోల్డర్ పేరు ఇంగ్లీషులోకి మార్చి పంపించాడు, డబ్బులు తీసుకోలేదు. తెలుగులో పేరు పెట్టుకున్న పాపానికి మూడు రోజులు, నాకైతే కాస్త మనసుకి కష్టంగానే అనిపించింది.

ఇక ఆ ఒక్క మార్కు. మీటర్ డౌన్‌లోడ్ల టైంలో కూడా తిరుగుతుంది. అక్కడ వైఫై నత్తనడక, జేడీకే, ఎస్‌డీకే దిగేసరికి ముప్పావు గంట పోయింది, చివరికి నా హాట్‌స్పాటే పెట్టా. గంట దాటి పది నిమిషాలైనా రెండో గంట లెక్కేస్తాడు. ఐఫోన్ వైపు అసలు చూడడు, మాక్ లేదు. ప్లే స్టోర్‌లో ఉన్న యాప్ అయితే ఈ పాత జావా దారి కుదరదు, టార్గెట్ లెవెల్ (ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ కోసం అనేది) పెంచక తప్పదు, అలాంటివాటికి రోజు లెక్కన మాట్లాడుకోవాలట. వెళ్లేవాళ్లు పాత డిస్క్, ముట్టుకోని కాపీ, ఫుల్ ఛార్జింగ్ పట్టుకెళ్లండి, ప్లగ్ పాయింట్ దొరుకుతుందని నమ్మకం లేదు.

వచ్చేముందు "ఈసారన్నా రేటు సెట్టింగ్స్‌లో పెట్టు తమ్మీ" అన్నాడు. అక్కడే కూర్చుని పెట్టా, పది నిమిషాల పని. రాత్రి బావ ఇన్‌స్టాల్ చేసుకుని ఫోన్ చేశాడు, లెక్కలన్నీ ఉన్నాయి, 25 వచ్చింది. "బాగుంది గానీ, మన మూసాపేట అపార్ట్‌మెంటోళ్లకి 22కే వేస్తున్నా, వాళ్లకొక్కళ్లకి వేరేగా పెట్టలేవా?"