పెట్టె మీద కొరియా ‘ఓల్డ్‌బాయ్’, లోపల వేరే సినిమా: డిస్కులు కొనేవారికి హెచ్చరిక

పాత సినిమా డిస్కులు ఆన్‌లైన్‌లో కొనేవారికి ఆ దుకాణం ఏదో నేను పేరు చెప్పకుండానే తెలుస్తుంది. అక్కడ రూ. 1,400 పెట్టి కొరియా ‘ఓల్డ్‌బాయ్’ బ్లూరే కొని నిన్న రాత్రి నిలువునా మోసపోయాను. పెట్టె మీద ఆ సినిమా హీరో చోయ్ మిన్-సిక్ ముఖం, వెనుక 120 నిమిషాలన్న అంకె సక్రమంగానే ఉన్నాయి. డిస్కు వేస్తే ఇంగ్లిషు మాటలు, హాలీవుడ్ నటుడు జోష్ బ్రోలిన్! అది స్పైక్ లీ 2013లో తీసిన రీమేకు. దాని నిడివి 104 నిమిషాలే, అందులో హీరో అనుభవించే చెర కూడా కొరియా సినిమాలోలా 15 ఏళ్లు కాదు, 20 ఏళ్లు.

వెంటనే దుకాణదారుడికి ఫోన్ చేసి, పక్కనే ఉన్న మా తమ్ముడికి కూడా వినబడాలని స్పీకర్ పెట్టాను. ఆ పని ఎందుకు చేశానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటున్నాను. “రెండూ ఒకటే కథ కదండీ, ఏది చూస్తే ఏమిటి?” అన్నాడాయన. 2004లో కాన్ చలనచిత్రోత్సవంలో గ్రాండ్ ప్రీ అవార్డు అందుకున్నది పార్క్ చాన్-ఊక్ తీసిన సినిమా అని, సుత్తి పట్టుకున్న ఒక్క మనిషి ఇరుకు నడవాలో గుంపుతో ఒకే షాట్‌లో తలపడే ఆ దృశ్యం తమ్ముడికి చూపించాలనే కొన్నానని నేను చెబుతుండగానే అడ్డుపడి, కథానాయకుడు ‘ఓ డే-సు’ను ఎందుకు బంధించారో, చివరికి అతనికి ఏం తెలుస్తుందో ఒక్క వాక్యంలో కక్కేసి ఫోన్ పెట్టేశాడు.

మా తమ్ముడు ఆ సినిమా ఇంతవరకు చూడలేదు. ఎవరు బంధించారో తెలియక, వేయించిన డంప్లింగులే తింటూ 15 ఏళ్లు గదిలో మగ్గిన మనిషి, బయటపడ్డాక కూడా ‘ఎందుకు’ అన్న ఒక్క ప్రశ్న కాల్చుకు తింటుంటే పరుగెత్తే కథ అది. ఆ ప్రశ్నను అతనితో పాటు మోస్తేనే చివరి అరగంట గుండెను పిండుతుంది. వాడు రిమోట్ బల్ల మీద పెట్టి, “ఇక వద్దులే అన్నా” అని లోపలికి వెళ్లిపోయాడు. డబ్బు తిరిగి వచ్చినా ఆ తొలి చూపు వాడికి తిరిగి రాదు.

కొనే ముందు పెట్టె ఫొటోతో సరిపెట్టుకోకుండా డిస్కు ఫొటో కూడా అడగండి, దాని మీద దర్శకుడి పేరు చదవండి. నేను అడగలేదు. ఈ ఉదయం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను.