ఎ.ఎ. సమావేశాలు: కొన్నేళ్లుగా వెళ్తున్న సభ్యుడి సమీక్ష

తాగుడు మానడానికి తోడ్పడే బృందాన్ని ఎంచుకునేటప్పుడు, అది ఇంటికి దగ్గరగా ఉందా లేదా అన్నదానికన్నా, అక్కడ మన భాషలో మాట్లాడుకుంటారా లేదా అన్నది ముందు చూసుకోవాలి. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఎ.ఎ.) సమావేశాలకు కొన్నేళ్లుగా వెళ్తున్న సభ్యుడిగా ఇది నా గట్టి అభిప్రాయం. నేను మొదట వెళ్లిన బృందం ఇంగ్లీషులో నడిచేది. అక్కడ ఆదరణకు ఏ లోటూ లేదు. కానీ జీతం వచ్చిన రాత్రి ఇంట్లో జరిగే రభస, పిల్లల ముందు తలెత్తుకోలేకపోవడం వంటివి పరాయి భాషలో చెప్తుంటే ఎవరి సంగతో చెప్తున్నట్టు ఉండేది. దూరమైనా సరేనని తెలుగు బృందానికి మారిన తరువాతే నేను నోరు విప్పి మాట్లాడగలిగాను.

బృందం దొరకడం అంత కష్టం కాదు. మానసిక వైద్యులకు, డీ-అడిక్షన్ కేంద్రాల కౌన్సెలర్లకు స్థానిక బృందాల వివరాలు సాధారణంగా తెలిసే ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు గాని, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు గాని ఫోన్ చేసి సలహా అడగవచ్చు. సమావేశం జరిగే గది, వేళ మారుతూ ఉంటాయి కాబట్టి బయలుదేరే ముందు ఆ బృందంవారితో ఒకసారి మాట్లాడడం మంచిది.

అయితే ఏళ్ల తరబడి రోజూ తాగుతున్న మనిషి సమావేశానికి వెళ్లబోతున్నానన్న ఉత్సాహంలో ఒక్కసారిగా మానేయడం ప్రమాదకరం. చేతులు వణకడం, చెమటలు పట్టడంతో మొదలై ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించి, వినిపించి, మతి చలించే స్థితి ఏర్పడవచ్చు. సకాలంలో చికిత్స అందకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుచేత ముందు డాక్టరు, తరువాత బృందం. మా బృందంలోని పెద్దలు కొత్తవారిని మొట్టమొదట అడిగేది కూడా ఆసుపత్రికి వెళ్లారా అనే.

ఇక సమావేశం సంగతి. ఓ పాఠశాల గదిలో బల్ల చుట్టూ కుర్చీలు, చిన్న గ్లాసుల్లో టీ, గోడకు పన్నెండు మెట్లు, అంటే తాగుడు నుంచి బయటపడడానికి సంఘం సూచించే పన్నెండు అంచెలు, రాసిన పట్టిక, అంతే. హాజరు పట్టీ ఉండదు, ఇంటిపేరు అడగరు, రుసుము లేదు. తాగుడు మానాలన్న కోరిక తప్ప సభ్యత్వానికి మరో అర్హత అక్కర్లేదు. చివర్లో ఒక గుడ్డసంచి చేతులు మారుతుంది, అందులో ఎవరికి తోచింది వారు వేస్తారు. బయటివారి నుంచి విరాళాలు తీసుకోకూడదన్నది సంఘం నియమం. ఒక్కొక్కరూ పేరు చెప్పి, తాను ఆల్కహాలిక్‌నని చెప్పుకొని మాట్లాడతారు. మధ్యలో ఎవరూ అడ్డు తగలరు, సలహా ఇవ్వరు. ఇంట్లో, ఆఫీసులో అందరి హితబోధలూ విని విసిగిపోయిన మనిషికి, తన మాట చివరిదాకా వినే చోటు ఒకటి ఉండడం ఎంత ఊరటో అనుభవించినవారికే తెలుస్తుంది.

నాకు అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చింది మాత్రం సమావేశం కాదు, స్పాన్సర్. అంటే, మానేసి ఏళ్లు గడిచిన సభ్యుడు కొత్తవాడికి తోడుగా నిలవడం. మనసు వైన్ షాపు వైపు లాగే సాయంత్రం ఫోన్ చేస్తే, ఆయన అడిగే మొదటి ప్రశ్న "భోంచేశావా తమ్ముడూ?" అని. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట ఈ నాలుగే మనిషిని మళ్లీ సీసా దగ్గరికి చేరుస్తాయని సంఘంలో తరచూ చెప్పుకుంటారు. నేను అన్నం తిన్నాక మళ్లీ ఫోన్ చేసేసరికి ఆ లాగుడు చాలావరకు తగ్గి ఉండేది.

1935లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో ఒక స్టాక్ బ్రోకరు, ఒక డాక్టరు ఒకరికొకరు తోడై మొదలుపెట్టిన పద్ధతి కూడా ఇదే. ఇది వట్టి నమ్మకం మీద నడిచే వ్యవహారం కాదు. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను పరిశీలించి 2020లో వెలువరించిన సమీక్ష, ఈ పద్ధతికి మళ్లించే క్రమబద్ధమైన చికిత్సలు పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఇతర ప్రసిద్ధ చికిత్సల కన్నా మెరుగైన ఫలితం ఇస్తున్నాయని తేల్చింది.

లోపాలూ ఉన్నాయి. నేను వెళ్లిన బృందాల్లో స్త్రీలు బాగా తక్కువ. తాగుడు సమస్య ఉన్న స్త్రీ ఆ గదిలోకి అడుగు పెట్టడానికి ఎంతో ధైర్యం కావాలి, ఈ విషయంలో మేము చేయవలసింది చాలా ఉంది. మెట్లలో దేవుడి ప్రస్తావన నాస్తికులకు ఇబ్బంది కలిగిస్తుంది. "మాకు అర్థమైన రీతిలో" అన్న మాట అక్కడ ఉంది కాబట్టి బృందాన్నే తమకన్నా పెద్ద శక్తిగా భావించి కొనసాగుతున్న మిత్రులు నాకు తెలుసు. అయినా కొన్నిచోట్ల ప్రార్థన పాలు ఎక్కువవుతుంది. అది నచ్చకపోతే సంఘాన్ని వదిలేయకుండా మరో బృందానికి మారడమే మేలు.

కుటుంబ సభ్యుల కోసం 1951లో ఏర్పడిన అల్-అనాన్ వేరే సంస్థ. మా ఇంట్లోవాళ్లు దానికి వెళ్లడం మొదలుపెట్టాక, నా జేబులు వెతకడం, నోటి వాసన చూడడం ఆగిపోయాయి. మొదటిసారి వచ్చేవారు ఓపెన్ సమావేశాన్ని ఎంచుకుంటే భార్యనో, అన్నదమ్ములనో వెంట తీసుకురావచ్చు. క్లోజ్డ్ సమావేశంలోకి తాగుడు మానాలనుకునేవారికి మాత్రమే ప్రవేశం ఉంటుంది.