రెండడుగుల తొట్టెకు ఫ్యాన్‌టెయిలా, బ్లాక్ మూరా, ఒరాండానా?

ఈ మూడూ గోల్డ్‌ఫిష్ రకాలే. తల మీద ఎర్రటి కిరీటం పెట్టుకున్నట్టు తిరిగే ఒరాండాను ఒక్కసారి చూస్తే మరో చేప మీదికి మనసు పోదు. నేనూ మొదటి తొట్టెకు దాన్నే తెచ్చుకున్నాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే మాత్రం చిన్న తొట్టెకు ఫ్యాన్‌టెయిల్ తెచ్చుకోమంటాను.

చిన్నదంటే నా లెక్కలో రెండడుగులది. 60 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, 40 ఎత్తు ఉంటే కొలతకు 72 లీటర్లు. పైన ఖాళీ, అడుగున గులకరాళ్లు పోగా నిలిచే నీళ్లు సుమారు 60 లీటర్లే. గుండ్రటి గాజు గిన్నెను ఈ పోటీలోకే తీసుకురాను, అందులో ఏ గోల్డ్‌ఫిష్‌నూ వేయకూడదు. తొట్టెను బట్టే చేప పెరుగుతుందిలే అంటుంటారు. అది తొట్టెకు సర్దుకోవడం కాదు, మురికి నీళ్లలో గిడసబారిపోవడం. బాగా చూసుకుంటే ఇవి రకాన్ని బట్టి 15 నుంచి 20 సెం.మీ. దాకా పెరుగుతాయి, పదేళ్లు దాటి బతుకుతాయి.

ఒరాండాతో ఇబ్బంది అందం దగ్గరే మొదలవుతుంది. తల మీది ఆ కండ పెరుగుతూనే ఉంటుంది. నా చేపకు ఏడాదిన్నరలో రెండు కళ్ల మీదికీ దిగింది. మేత గుళిక ముక్కు ముందు పడ్డా కనబడక వెతుక్కునేది. పైగా మూడింటిలో ఎక్కువ పెరిగేది ఇదే, 20 సెం.మీ. దాకా పోతుంది. ఒళ్లు పెరిగితే మేతా పెరుగుతుంది, మురికీ పెరుగుతుంది. వారానికి రెండుసార్లు నీళ్లు మార్చినా, ఆ మురికి వల్ల నీళ్లలో చేరే నైట్రేట్ దిగేది కాదు. చివరికి నాలుగడుగుల తొట్టె ఉన్న స్నేహితుడికి ఇచ్చేశాను. ఆ రోజు చాలా బాధపడ్డాను, కానీ నేను దానికి ఇచ్చిన చోటు చాల్లేదన్నది నిజం.

బ్లాక్ మూర్ ఒరాండా అంత పెద్దది కాదు, నెమ్మదస్తురాలు. నల్లటి మఖ్మల్ లాంటి ఒంటి రంగు కొన్నింటికి వయసుతో కంచు రంగుకో, నారింజకో తిరుగుతుంది. అది జబ్బు కాదు, టెన్షన్ పడొద్దు. అసలు చూసుకోవాల్సింది కళ్లు. బయటికి పొడుచుకొచ్చిన ఆ కళ్లకు చూపు తక్కువ, దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ. కాబట్టి మొనదేలిన రాళ్లు, గరుకు ప్లాస్టిక్ మొక్కలు తొట్టెలో ఉండకూడదు. చురుకైన చేపతో కలిపి ఉంచితే మేతలో దీనికి మిగిలేది తక్కువ. మూర్‌కు మూరే జత.

ఫ్యాన్‌టెయిల్‌కు తల మీద కండ లేదు, కళ్లు మామూలుగానే ఉంటాయి. వీపు రెక్క నిటారుగా, తోక జంటగా ఉంటుంది. మిగతా రెండింటి పక్కన పెడితే సాదాగా అనిపిస్తుంది. కానీ ఈదగలదు, మేత వెతుక్కోగలదు, మన చిన్నాచితకా పొరపాట్లను తట్టుకోగలదు. గుండ్రటి ఒంట్లో పేగులు, గాలితిత్తి ఇరుక్కుని ఉండటం వల్ల వెల్లకిలా తేలే సమస్య మూడింటికీ ఉంది. ఫ్యాన్‌టెయిల్‌లో అది కాస్త తక్కువే చూశాను. అయినా నీటి మీద తేలే మేత కంటే మునిగే గుళికలు మేలు, నానబెట్టి వేస్తే ఇంకా మంచిది.

ఏది తెచ్చినా 60 లీటర్లకు రెండు చేపలే, అంతకు మించొద్దు. వాటి మొప్పల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలు రాకముందే ఆ పని జరగాలి. ఈ బరువైన చేపలు వడి నీళ్లకు అలసిపోతాయి కాబట్టి స్పాంజ్ ఫిల్టర్ సరిపోతుంది. ఆ స్పాంజ్‌ను కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు బ్యాక్టీరియా చచ్చిపోతుంది. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. వారానికోసారి సగం నీళ్లు మార్చాలి, కొత్త నీళ్లలో క్లోరిన్ విరిచే మందు తప్పనిసరి.

ఇప్పుడు నా దగ్గరున్నవి రెండు ఫ్యాన్‌టెయిల్స్. ఒరాండా మీద ఇష్టం మాత్రం పోలేదు. అందుకే ఇంట్లో నాలుగడుగుల తొట్టెకు చోటు కొలుస్తున్నాను. అది కుదిరేదాకా ఇంకో ఒరాండాను తీసుకురాను.